కారు ఆడియో, దానికి తగిన ఛార్జింగ్ వ్యవస్థ

కంపెనీ నుంచి వచ్చిన కారులో ఎక్కువ శక్తిగల యాంప్లిఫయర్లు, సబ్‌వూఫర్లు, మెరుగైన స్పీకర్లు అమర్చడమూ, వాటికి చాలినంత కరెంటు అందేలా తీగలను, బ్యాటరీని, ఆల్టర్నేటర్‌ను మార్చడమూ ఒకే పనిలోని రెండు సగాలు. స్పీకరుకు చేరే ప్రతి వాటూ బ్యాటరీ, ఆల్టర్నేటర్‌ల నుంచి, చివరికి ఇంజను కాల్చే ఇంధనం నుంచి రావలసిందే. ఆచరణలో మాత్రం మొదటి సగానికి దక్కే శ్రద్ధ, డబ్బు రెండో సగానికి దక్కవు. బేస్ కొట్టిన ప్రతిసారీ హెడ్‌లైట్లు మసకబారడం, ట్రాఫిక్‌లో ఆగిన కాసేపటికి యాంప్లిఫయర్ దానంతటదే ఆగిపోవడం, కొత్త బ్యాటరీ ఏడాది తిరక్కుండానే చతికిలబడటం ఆ నిర్లక్ష్యం వల్ల వచ్చేవే.

కంపెనీ అమర్చే స్టీరియోకు ఈ ఇబ్బంది లేదు. దాని ముఖం మీద 50 వాట్లు, నాలుగు చానళ్లు అని రాసి ఉన్నా, అది క్షణకాలపు గరిష్ఠ సంఖ్య. 14.4 వోల్టుల సరఫరాతో, వోల్టేజీ పెంచే ప్రత్యేక సర్క్యూట్ లేకుండా, 4 ఓమ్‌ల స్పీకరుకు నికరంగా ఇవ్వగలిగింది సిద్ధాంతరీత్యా 26 వాట్లు, నిజానికి 20 వాట్ల దరిదాపు. అంతకు మించి కావాలంటే వోల్టేజీని పెంచే స్విచింగ్ పవర్ సప్లై ఉన్న విడి యాంప్లిఫయర్ ఉండాలి. ఛార్జింగ్ వ్యవస్థ మీద భారం అక్కడే మొదలవుతుంది.

నేపథ్యం

కారు రేడియోకు, కారు కరెంటుకు మధ్య పేచీ తొలినాళ్ల నుంచీ ఉంది. షికాగోలో గాల్విన్ సోదరుల సంస్థ 1930లో మోటరోలా పేరుతో కారు రేడియోను మార్కెట్లోకి తెచ్చింది. ఆనాటి రేడియోలు వాల్వులతో పనిచేసేవి. వాల్వులకు వంద వోల్టులకు పైబడిన విద్యుత్తు కావాలి, కారులో ఉన్నది 6 వోల్టులు. మొదట్లో విడిగా పొడి బ్యాటరీలు మోసుకెళ్లేవారు. తర్వాత ఏకముఖ (డీసీ) కరెంటును చకచకా తెంపుతూ కలుపుతూ ట్రాన్స్‌ఫార్మర్‌కు అందించే వైబ్రేటర్ వచ్చింది. నేటి యాంప్లిఫయర్‌లోని స్విచింగ్ సప్లై చేసేది కూడా సారాంశంలో అదే పని, కదిలే భాగాలకు బదులు ట్రాన్సిస్టర్లతో.

1950ల నడుమ అమెరికన్ కార్లు 6 వోల్టుల నుంచి 12 వోల్టులకు మారాయి. 1955లో క్రైస్లర్ కార్లకు ఫిల్కో సంస్థ పూర్తి ట్రాన్సిస్టర్ రేడియోను అందించింది. అదే క్రైస్లర్ 1960లో వేలియంట్ కారులో డైనమో స్థానంలో ఆల్టర్నేటర్ పెట్టింది. చవకైన సిలికాన్ డయోడ్లు రావడంతోనే అది సాధ్యమైంది. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు డైనమో దాదాపు ఏమీ ఇవ్వదు. ఆల్టర్నేటర్ ఐడ్లింగ్‌లోనూ ఎంతో కొంత ఇస్తుంది. ఈ మార్పు లేకుండా తర్వాతి కారు ఆడియో చరిత్ర ఊహకందదు. భారతదేశంలో తొలి తరాల అంబాసిడర్, పద్మిని కార్లు డైనమోలతోనే నడిచాయి.

విడి యాంప్లిఫయర్‌ను కారు ఔత్సాహికుల చేతికి చేర్చినవారిలో అరిజోనాకు చెందిన జిమ్ ఫాస్‌గేట్ ముఖ్యుడు. ఆయన 1973లో మొదలుపెట్టిన పని తర్వాత రాక్‌ఫర్డ్ ఫాస్‌గేట్ సంస్థగా స్థిరపడింది. 1984లో పయొనీర్ కారు సీడీ ప్లేయర్ విడుదల చేసింది. క్యాసెట్ మోయలేని లోతైన బేస్, హెచ్చుతగ్గుల వ్యత్యాసం సీడీతో కారులోకి వచ్చాయి, వాటితో పాటే పెద్ద యాంప్లిఫయర్ల అవసరమూ వచ్చింది. 2003లో అమెరికన్ ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ సీఈఏ–2006 అనే ప్రమాణాన్ని తెచ్చింది. 14.4 వోల్టుల సరఫరా, 4 ఓమ్‌ల లోడు, 1 శాతానికి మించని వక్రీకరణ అనే షరతుల మీద కొలిచిన వాట్లనే ఆ ముద్రతో ప్రకటించాలి. డబ్బా మీద 3000 వాట్లు అని అచ్చేసి లోపల రెండు 30 ఆంపియర్ల ఫ్యూజులు పెట్టే యాంప్లిఫయర్లు మన మార్కెట్లో ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి. 60 ఆంపియర్లను 14.4 వోల్టులతో గుణిస్తే లోపలికి వెళ్లేదే 864 వాట్లు. కొనేవారు డబ్బాను కాక ఫ్యూజును చదవాలి.

ఎంత శక్తి కావాలి

శక్తి రెట్టింపైతే ధ్వని 3 డెసిబెల్స్ పెరుగుతుంది. చెవికి రెట్టింపు బిగ్గరగా అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే శక్తి పది రెట్లు కావాలి. ఈ ఒక్క సంబంధం తెలిస్తే చాలా వృథా ఖర్చు తప్పుతుంది. 86 డెసిబెల్స్ సున్నితత్వం గల స్పీకరు 200 వాట్లతో ఇచ్చే ధ్వనిని 92 డెసిబెల్స్ స్పీకరు 50 వాట్లతోనే ఇస్తుంది. ఆ తేడా అంతా ఆల్టర్నేటర్‌కు మిగులే. సబ్‌వూఫర్ పెట్టె విషయంలోనూ అంతే. పూర్తిగా మూసిన పెట్టె కంటే సరిగ్గా లెక్కకట్టిన పోర్టు ఉన్న పెట్టె, తన ట్యూనింగ్ పౌనఃపున్యం దగ్గర అదే శక్తితో గణనీయంగా ఎక్కువ ధ్వని ఇస్తుంది. అయితే పరిమాణం పెద్దది, డిక్కీలో చోటు పోతుంది, లెక్క తప్పితే ఒకే స్వరం మోగుతూ మిగతావి మూగబోతాయి. మూసిన పెట్టె చిన్నది, తప్పులను సహిస్తుంది. పైగా కారు లోపలి చిన్న గదిలో సుమారు 60–70 హెర్ట్జ్‌ల కింద ఒత్తిడి సహజంగానే పెరుగుతుంది కాబట్టి ఇంట్లో పలచగా వినిపించే మూసిన పెట్టె కారులో నిండుగా వినిపిస్తుంది.

తలుపుల పని అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇస్తుంది, అన్నిటికన్నా ఎక్కువగా వాయిదా పడేదీ అదే. స్పీకరు కోన్ ముందుకు తోసిన గాలి, వెనక్కి తోసిన గాలి ఒకదాన్నొకటి కలిస్తే బేస్ రద్దవుతుంది. తలుపు లోపలి రేకుకు ఉండే పెద్ద కంతల గుండా జరిగేది సరిగ్గా ఇదే. ఆ కంతలు మూసి, బయటి రేకుకు అల్యూమినియం పొర ఉన్న బ్యూటిల్ రబ్బరు షీటు రోలరుతో గట్టిగా అద్దితే, కంపెనీ స్పీకరే వేరే స్పీకరులా వినిపిస్తుంది. దీనికి ఒక్క ఆంపియరు అదనపు కరెంటు అక్కర్లేదు. వాన నీరు కిందికి కారిపోయే రంధ్రాలను మాత్రం వదిలేయాలి, లేకపోతే తలుపు అడుగున తుప్పు పడుతుంది.

డ్రైవరు ఒక పక్కకు కూర్చోవడం కారు శబ్దానికున్న శాశ్వత లోపం. కుడి స్పీకరు చెవికి 80 సెంటీమీటర్లు, ఎడమది 130 సెంటీమీటర్లు ఉందనుకుంటే, కుడి ధ్వని దాదాపు ఒకటిన్నర మిల్లీసెకను ముందు చేరుతుంది. దాంతో గాయకుడు కుడి తలుపులో ఇరుక్కున్నట్టు అనిపిస్తాడు. డిజిటల్ సిగ్నల్ ప్రాసెసర్ దగ్గరి స్పీకరును ఆ మేరకు ఆలస్యం చేసి గొంతును డాష్‌బోర్డు నడుమకు తెస్తుంది. సుమారు 80 హెర్ట్జ్‌ల కింది భాగాన్ని సబ్‌వూఫర్‌కు, పైభాగాన్ని తలుపుల స్పీకర్లకు పంచేదీ అదే. పాత పాటల్లో ఘంటసాల గొంతు, వీణ తీగల స్పష్టత కోరేవారికి పెద్ద సబ్‌వూఫర్ కంటే ఈ పరికరమే ఎక్కువ ఉపకారం చేస్తుంది.

కరెంటు లెక్క

ఒక సాధారణ ఉదాహరణ తీసుకోవచ్చు. 70 ఆంపియర్ల ఆల్టర్నేటర్ ఉన్న చిన్న కారులో సబ్‌వూఫర్‌కు 500 వాట్ల యాంప్లిఫయర్, తలుపులకు ఒక్కో చానల్‌కు 75 వాట్లు ఇచ్చే నాలుగు చానళ్ల యాంప్లిఫయర్ పెట్టాలనుకుందాం. మొత్తం 800 వాట్లు. క్లాస్ డి యాంప్లిఫయర్ల సామర్థ్యం 80 శాతం అనుకుంటే లోపలికి 1000 వాట్లు వెళ్లాలి, అంటే 13.5 వోల్టుల దగ్గర 74 ఆంపియర్లు. పాత క్లాస్ ఏబీ రకమైతే సామర్థ్యం 50–60 శాతమే కాబట్టి ఈ సంఖ్య వంద దరిదాపుకు, అంతకు పైకీ చేరుతుంది.

సంగీతం ఎడతెగని సైన్ తరంగం కాదు. మాటలు, వాయిద్యాలు ఉన్న పాటలో సగటు శక్తి గరిష్ఠంలో ఎనిమిదో వంతు దగ్గర ఉంటుంది. బేస్ ఎక్కువున్న డీజే పాటల్లో మూడో వంతు దాకా పోతుంది. మూడో వంతు లెక్కన సగటు 25 ఆంపియర్లు. డబ్బా మీది వాట్లు చూసి భయపడటమూ తప్పే, సగటు చూసి ధీమాగా ఉండటమూ తప్పే. సగటును ఆల్టర్నేటర్ మోయాలి, ఒక్కో దెబ్బకు వచ్చే 74 ఆంపియర్లను తీగలు, బ్యాటరీ మోయాలి.

ఇక సరఫరా. ఆల్టర్నేటర్ మీద రాసే 70 ఆంపియర్లు అది నిమిషానికి 6000 చుట్లు తిరుగుతున్నప్పటి మాట. ఇంజను కప్పీ కంటే దాని కప్పీ చిన్నది, సుమారు రెండున్నర, మూడు రెట్ల వేగంతో తిరుగుతుంది. ఇంజను 800 చుట్ల ఐడ్లింగ్‌లో ఉంటే ఆల్టర్నేటర్ వేగం 2000–2400 చుట్లే. ఆ వేగంలో ఇచ్చేది పూర్తి సామర్థ్యంలో సగానికి అటూ ఇటూ. రాగి తీగల నిరోధం వేడితో పెరుగుతుంది కాబట్టి ఇంజను వేడెక్కాక ఇంకాస్త తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్‌లో ఆగిన కారుకు 30–35 ఆంపియర్లు వస్తే గొప్ప. అప్పుడే ఏసీ బ్లోయరు, కండెన్సర్ ఫ్యాను కలిసి 20 ఆంపియర్ల దరిదాపు తీసుకుంటాయి, ఇంధన పంపు, ఇంజెక్షన్, ఇగ్నిషన్ మరో పది. ఆడియోకు మిగిలేది దాదాపు శూన్యం. లోటు మొత్తం బ్యాటరీ నుంచి పోతుంది. ఆల్టర్నేటర్ నెలజీతమైతే బ్యాటరీ దాచుకున్న సొమ్ము. జీతానికి మించిన ఖర్చు దాచుకున్నది ఉన్నంతవరకే సాగుతుంది. హైవే మీద ఇదే కారు ఇబ్బంది లేకుండా పాడుతుంది, బ్యాటరీని తిరిగి నింపుకుంటుంది. అందువల్ల ఒకే అమరిక గుంటూరు–హైదరాబాద్ మధ్య తిరిగేవారికి సరిపోయి, రోజూ నగరంలో పది కిలోమీటర్లు పాకేవారికి సరిపోకపోవచ్చు.

వోల్టేజీ పడిపోతే ఏమవుతుంది? సరఫరాను నియంత్రించుకోని యాంప్లిఫయర్‌లో శక్తి వోల్టేజీ వర్గానికి అనుగుణంగా తగ్గుతుంది. 14.4 నుంచి 12 వోల్టులకు పడితే 30 శాతం శక్తి పోతుంది, డెసిబెల్స్‌లో అది 1.6 మాత్రమే. చెవి దీన్ని పెద్దగా పట్టించుకోదు. నష్టం వేరే రూపంలో వస్తుంది. తగ్గిన వోల్టేజీతో తరంగం శిఖరం ముందే తెగుతుంది, వినేవారు వాల్యూమ్ ఇంకా పెంచుతారు, తెగిన తరంగంలో సగటు శక్తి పెరిగి స్పీకర్ల కాయిళ్లు కాలిపోతాయి. నియంత్రిత సరఫరా ఉన్న యాంప్లిఫయర్ శక్తిని నిలబెట్టుకుంటుంది, కానీ వోల్టేజీ తగ్గినకొద్దీ ఎక్కువ ఆంపియర్లు లాగి బ్యాటరీని ఇంకా కిందికి దించుతుంది.

తీగలు, ఎర్త్, ఫ్యూజులు

పెంపు ఎప్పుడూ తీగలతో మొదలవ్వాలి. ఆల్టర్నేటర్ ఇచ్చే కరెంటు దారిలోనే వేడిగా కరిగిపోతుంటే పెద్ద ఆల్టర్నేటర్ కొన్నా ఫలితం అంతంతే. మీటరు పొడవు, ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత వైశాల్యం గల రాగి తీగ నిరోధం 0.0172 ఓమ్. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా 5 మీటర్లు, 25 స్క్వేర్ ఎంఎం తీగ వేస్తే నిరోధం 3.4 మిల్లీ ఓమ్‌లు, 80 ఆంపియర్ల దెబ్బకు 0.28 వోల్టులు పోతాయి. 50 స్క్వేర్ ఎంఎం అయితే 0.14. తిరుగుదారి కారు బాడీ గుండా కాబట్టి దాని అతుకుల్లో పోయేది అదనం. మొత్తం నష్టం అర వోల్టు దాటకుండా చూసుకోవడం సబబైన లక్ష్యం.

రాగి పూత పూసిన అల్యూమినియం తీగ ఈ రంగంలో పెద్ద మోసం. చూపుకు తేడా ఉండదు, ధర సగం, నిరోధం రాగి కంటే సుమారు ఒకటిన్నర రెట్లకు మించి. తేమలో చివర్లు త్వరగా తుప్పుపట్టి పాడవుతాయి. పోగును చాకుతో గీకితే లోపల వెండిరంగు బయటపడుతుంది, చేతికి తీగ తేలిగ్గా ఉంటుంది. పేరున్న సంస్థ రాగి వెల్డింగ్ కేబుల్ చాలాసార్లు మెరిసే ఆడియో కేబుల్ కంటే నమ్మదగింది. అయితే బానెట్ కింద వేడికి, నూనెకు తట్టుకునే తొడుగు దానికి విడిగా వేయాలి.

తీగల మార్పులో మొదటివి మూడు: ఆల్టర్నేటర్ పాజిటివ్ నుంచి బ్యాటరీ పాజిటివ్‌కు, బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి, ఇంజను నుంచి బాడీకి. కంపెనీ తీగలను తీసేయకుండా వీటిని పక్కనే అదనంగా వేస్తారు. ఖర్చు కొద్దిపాటిదే. పాత కార్లలో ఎర్త్ తీగల చివర్లు తుప్పుపట్టి ఉంటే దీంతోనే లైట్ల మినుకుమినుకు ఆగిపోవడం మామూలు. యాంప్లిఫయర్ ఎర్త్ బిగించేచోట రంగును లోహం మెరిసేదాకా గీకి, మందపాటి బాడీ రేకుకు బోల్టు వేసి, పైన మళ్లీ రంగు లేదా గ్రీజు పూయాలి. సీటుబెల్టు బోల్టును ఇందుకు వాడకూడదు. అది ప్రాణం కాపాడే బిగింపు. లగ్గులను సుత్తితో కొట్టి నొక్కే అలవాటు మానాలి. హైడ్రాలిక్ క్రింపింగ్ పనిముట్టు ఇప్పుడు ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరుకుతుంది.

ఫ్యూజు సంగతి నిక్కచ్చిగా చెప్పుకోవలసింది. బ్యాటరీ పాజిటివ్ నుంచి బయల్దేరే ప్రతి లావు తీగకూ అర మీటరు లోపే ఫ్యూజు ఉండాలి. అది యాంప్లిఫయర్‌ను కాపాడటానికి కాదు, తీగను కాపాడటానికి. బానెట్‌కూ క్యాబిన్‌కూ మధ్య రేకు కంత గుండా పోయే తీగ తొడుగు ఏళ్ల తరబడి రాపిడికి అరిగి బాడీకి తగిలితే, ఫ్యూజు లేని చోట బ్యాటరీ వందల ఆంపియర్లు వదులుతుంది. తివాచీ కింద తీగ ఎర్రగా కాలుతుంది. బిగించినవారి అజాగ్రత్తతో కారు తగలబడే దారి ఇదే. కంతకు రబ్బరు గ్రోమెట్, తీగకు స్లీవు, మొదట్లో ఫ్యూజు అనే ఈ మూడింటిలో ఏదీ వదిలేయదగ్గది కాదు. డిక్కీలో రెండో బ్యాటరీ ఉంటే కరెంటు రెండు వైపుల నుంచీ రాగలదు కాబట్టి తీగ రెండు కొసలకూ ఫ్యూజులుండాలి.

బ్యాటరీలు, కెపాసిటర్లు

మామూలు సీసం–ఆమ్ల బ్యాటరీ ఆరు ఘటాలది. పూర్తిగా నిండి విశ్రాంతిగా ఉంటే 12.6 వోల్టులు, సగానికి దిగితే 12.2 దరిదాపు. సెల్ఫ్ కొట్టడానికి తయారుచేసిన ఈ రకం పలుచటి పలకలతో క్షణకాలం భారీ కరెంటు ఇస్తుంది, పదేపదే లోతుగా ఖాళీ చేస్తే మాత్రం త్వరగా చస్తుంది. ఆమ్లాన్ని గాజు పీచులో పీల్చి ఉంచే ఏజీఎం బ్యాటరీ అంతర్నిరోధం తక్కువ, లోతైన వాడకాన్ని మెరుగ్గా తట్టుకుంటుంది. ఆడియో కార్లకు ఇది మధ్యేమార్గం. ధర ఎక్కువే, బానెట్ కింది వేడికి ఇదీ అతీతం కాదు. డిక్కీలో పెట్టే బ్యాటరీ ఎప్పుడూ మూసిన రకమే కావాలి. నీళ్లు పోసే బ్యాటరీ ఛార్జవుతూ హైడ్రోజన్ వదులుతుంది, ప్రయాణికులున్న చోట అది ప్రమాదం.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు నాలుగు ఘటాలతో 12.8 వోల్టుల దగ్గర, చివరిదాకా పెద్దగా పడకుండా నిలుస్తాయి. బరువులో సీసపు బ్యాటరీకి సగం కూడా ఉండవు. వీటి అతి తక్కువ అంతర్నిరోధమే ఒక చిక్కు. ఖాళీ అయిన లిథియం బ్యాటరీ ఛార్జింగ్ మొదలవగానే ఆల్టర్నేటర్ ఇవ్వగలిగినదంతా లాగుతుంది, ఆల్టర్నేటర్ మాడుతుంది. ఘటాలను కాపాడే నియంత్రణ పలక, అంటే బీఎంఎస్, లేని లిథియం ప్యాక్‌ను కారులో పెట్టడం ఏ పరిస్థితిలోనూ తగదు. సీసపు బ్యాటరీకి, లిథియం బ్యాటరీకి ఛార్జింగ్ వోల్టేజీలు వేరు. రెండింటినీ నేరుగా పక్కపక్కన కలపకుండా మధ్యలో డీసీ–డీసీ ఛార్జర్ ఉంచాలి. రెండూ ఒకే రకమైతే, ఇంజను నడుస్తున్నప్పుడు మాత్రమే కలిపే రిలే చాలు. అప్పుడు ఆగిన కారులో ఎంతసేపు పాటలు విన్నా సెల్ఫ్ బ్యాటరీ క్షేమం.

యాంప్లిఫయర్ పక్కన నీలి లైట్లతో మెరిసే ఒక ఫారడ్ కెపాసిటర్ గురించి అపోహలు ఎక్కువ. 14.4 నుంచి 12.4 వోల్టులకు దిగేటప్పుడు అది ఇచ్చే శక్తి సుమారు 27 జౌల్‌లు. 1000 వాట్లు లాగే యాంప్లిఫయర్‌కు ఇది 27 మిల్లీసెకన్ల గ్రాసం, ఒక్క డప్పు దెబ్బకైనా పూర్తిగా చాలదు. ఆ వెంటనే తానే ఆల్టర్నేటర్‌కు మరో లోడుగా మారి నిండటానికి కరెంటు అడుగుతుంది. లైట్ల మినుకును కొద్దిగా మృదువు చేస్తుంది, లోటును తీర్చదు. ఆ డబ్బు మంచి తీగలకు పెట్టడం మేలు.

ఆల్టర్నేటర్

తీగలు, బ్యాటరీ సరిగ్గా ఉన్నా సగటు లోటు మిగిలితే అప్పుడు ఆల్టర్నేటర్ వంతు. అదే సంస్థ పెద్ద మోడల్‌కు వేసే, బిగింపు సరిపోయే ఆల్టర్నేటర్ దొరికితే అది ఉత్తమం. ప్రత్యేకంగా తయారైనవి 200–300 ఆంపియర్ల దాకా ఉన్నాయి. కొనేటప్పుడు అడగాల్సింది గరిష్ఠ ఆంపియర్లు కాదు, వేడెక్కాక ఐడ్లింగ్‌లో ఎంత ఇస్తుందన్నది. ఆటోనగర్ లాంటి చోట్ల పాతదాన్నే లావు తీగతో, తక్కువ చుట్లతో రీవైండింగ్ చేసి ఇస్తారు. తక్కువ చుట్లతో పైవేగాల్లో కరెంటు పెరుగుతుంది, ఐడ్లింగ్‌లో మాత్రం ముందుకంటే తగ్గవచ్చు. నగరంలో తిరిగే కారుకు అది తిరోగమనం. డయోడ్లు పాతవే ఉంచితే పెరిగిన కరెంటుకు అవి ముందు పోతాయి.

కప్పీ చిన్నది చేస్తే ఐడ్లింగ్‌లో వేగం పెరుగుతుంది, కానీ దానికీ హద్దుంది. మూడు రెట్ల నిష్పత్తిలో ఇంజను 6000 చుట్లు తిరిగితే ఆల్టర్నేటర్ 18,000 చుట్లు తిరుగుతుంది. చాలా ఆల్టర్నేటర్ల బేరింగులకు, రోటరుకు అదే గరిష్ఠ పరిమితి.

ఈ కరెంటు ఇంజనుకు ఊరికే రాదు. 200 ఆంపియర్లు 14 వోల్టుల దగ్గర 2800 వాట్లు. మామూలు ఆల్టర్నేటర్ సామర్థ్యం 60 శాతం అనుకుంటే బెల్టు నుంచి 4.7 కిలోవాట్లు, అంటే ఆరు అశ్వశక్తికి పైగా తీసుకుంటుంది. 37 అశ్వశక్తి గల మారుతి 800 ఇంజనులో అది ఆరో వంతు. బెల్టు అంత బలాన్ని జారకుండా మోయాలి. బెల్టు వెడల్పు, కప్పీని చుట్టే కోణం, టెన్షనరు బిగువు చాలకపోతే కీచుమని అరుస్తూ కాలిపోతుంది.

నియంత్రిత ఛార్జింగ్ ఉన్న కార్లు, విద్యుత్ కార్లు

పాత కార్లలో రెగ్యులేటర్ ఎప్పుడూ 14 వోల్టుల చుట్టుపక్కల నిలిపేది. ఇటీవలి చాలా కార్లలో ఇంజను కంప్యూటరే ఆల్టర్నేటర్ వోల్టేజీని నిర్ణయిస్తుంది. సాఫీగా పోతున్నప్పుడు ఇంధనం ఆదా కోసం 12.5 వోల్టుల దాకా దించి, బ్రేకు వేసినప్పుడు 15కు పెంచడం దీని తీరు. దీనికి ఆధారం బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీది కరెంటు సెన్సర్. యాంప్లిఫయర్ ఎర్త్‌ను నేరుగా బ్యాటరీ టెర్మినల్‌కు కలిపితే ఆ కరెంటు సెన్సర్ దృష్టికి రాదు, కంప్యూటర్ బ్యాటరీ నిండుగా ఉందనుకుని ఛార్జింగ్ తగ్గిస్తుంది. సెన్సర్‌కు అవతలి వైపు, అంటే బాడీకి, ఎర్త్ ఇవ్వాలి. ఈ చిన్న తేడా తెలియక బ్యాటరీ మీద బ్యాటరీ మార్చినవారు చాలామంది.

విద్యుత్ కార్లలో ఆల్టర్నేటర్ ఉండదు. పెద్ద బ్యాటరీ నుంచి డీసీ–డీసీ కన్వర్టర్ 12 వోల్టుల వ్యవస్థను నింపుతుంది. ఐడ్లింగ్ సమస్య లేదు, ఇంజను చప్పుడూ లేదు కాబట్టి ఆడియోకు ఇవి సహజంగా అనువైనవి. కన్వర్టర్ పరిమితిని మాత్రం పెంచడం కుదరదు, దానిలోనే సర్దుకోవాలి. నారింజ రంగు తొడుగున్న తీగల్లో వందల వోల్టులుంటాయి. ఆడియో పనివారు వాటి జోలికి పోకూడదు.

బిగించాక

గెయిన్ బిరడా వాల్యూమ్ కాదు. స్టీరియో సిగ్నల్‌కు యాంప్లిఫయర్ సామర్థ్యాన్ని జతపరిచే సర్దుబాటు అది. శక్తిని నిరోధంతో గుణించి వర్గమూలం తీస్తే లక్ష్య వోల్టేజీ వస్తుంది: 500 వాట్లు, 2 ఓమ్‌లకు 31.6 వోల్టులు, 75 వాట్లు, 4 ఓమ్‌లకు 17.3. స్పీకర్లు విడదీసి, సబ్‌వూఫర్‌కైతే 50 హెర్ట్జ్‌ల పరీక్ష స్వరం పెట్టి, మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల్లో ఉంచి అక్కడిదాకా తిప్పి ఆపాలి. ఆసిలోస్కోప్ ఉంటే తరంగం తెగే చోటు కళ్లకే కనిపిస్తుంది.

యాక్సిలరేటర్ నొక్కినకొద్దీ స్థాయి పెరుగుతూ స్పీకర్లలో వినిపించే ఈల ఆల్టర్నేటర్‌ది. చాలాసార్లు స్టీరియో ఎర్త్, యాంప్లిఫయర్ ఎర్త్ వేర్వేరు వోల్టేజీల్లో ఉండటమే కారణం. ఎర్త్ బిగింపు సరిచేయడం, సిగ్నల్ మోసే ఆర్‌సీఏ తీగలను పవర్ తీగకు ఎదురు పక్కన లాగడం మొదటి వైద్యం. నాయిస్ ఫిల్టర్ కొనడం చివరిది. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర ఏసీ వోల్టేజీ సుమారు అర వోల్టు దాటితే మాత్రం ఆల్టర్నేటర్ డయోడ్ పోయిందని అనుమానించాలి.

శబ్దానికి చెవీ, చట్టమూ పరిమితులు పెట్టాయి. 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలు, ప్రతి 3 డెసిబెల్స్ పెంపుకు సగం సమయం అనే ప్రసిద్ధ వృత్తి ఆరోగ్య సూత్రం ప్రకారం 100 డెసిబెల్స్‌లో సురక్షితంగా ఉండగలిగేది 15 నిమిషాలే. మంచి కారు ఆడియో ఆ స్థాయిని సులువుగా దాటుతుంది, పోయిన వినికిడి తిరిగి రాదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల కింద నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. కిటికీలు దించి వీధికంతా వినిపించే హక్కు ఎవరికీ లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ నిర్దేశించిన రూపానికి భిన్నమైన మార్పులను కట్టడి చేస్తుంది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో దీన్ని గట్టిగా సమర్థించింది కాబట్టి బాడీని కోసే పనులకు దూరంగా ఉండాలి. వారంటీ నిలవాలంటే కంపెనీ వైరింగ్‌ను తెంపకుండా కప్లర్లతో పని చేయించడం మంచిది.

చివరి పరీక్ష రెండు మీటర్లతో జరుగుతుంది. ఇంజను వేడెక్కాక, ఏసీ, లైట్లు వేసి, మామూలుగా వినే స్థాయిలో పాట పెట్టి, బ్యాటరీ దగ్గరా యాంప్లిఫయర్ దగ్గరా వోల్టేజీ చూడాలి. రెండింటి తేడా తీగల నష్టం. బ్యాటరీ దగ్గరే 12.6 కిందికి పోతుంటే ఆల్టర్నేటర్ చాలడం లేదు. తర్వాత కారు ఆపి, తాళం వేసి, లోపలి కంప్యూటర్లన్నీ నిద్రలోకి వెళ్లేదాకా అరగంటకు పైగా ఆగి, బ్యాటరీ తీగ మీద మిల్లీ ఆంపియర్లు చదవగల క్లాంప్ మీటర్ పెట్టాలి. 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండటం సాధారణం. యాంప్లిఫయర్‌ను మేల్కొలిపే రిమోట్ తీగను ఎప్పుడూ కరెంటు ఉండే చోట కలిపితే ఇది ఒకటి రెండు ఆంపియర్లకు చేరుతుంది, రాత్రికి రాత్రే బ్యాటరీ ఖాళీ అవుతుంది. 50 మిల్లీ ఆంపియర్లు సైతం నెలకు 36 ఆంపియర్–గంటలు. కారును అంతకాలం కదలకుండా ఉంచేవారు చిన్న నిర్వహణ ఛార్జర్‌ను తగిలించి ఉంచుతారు, లేదా నెగటివ్ టెర్మినల్ విప్పి వెళ్తారు.